బండి ఉంది సరే... పుస్తకమేదీ?

పాత ట్రాక్టర్లకు సరైన మాన్యువల్ దొరక్క తుంగభద్ర క్యాంపుల అవస్థ

గంగావతి: జులై వచ్చి, తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లు వదులుతారన్న కబురు తెలిస్తే చాలు... క్యాంపుల్లో సందడి మొదలవుతుంది. ఒకపక్క నారుమళ్లు, మరోపక్క గట్ల పని. షెడ్డు మూలన గోనెసంచుల కింద ఆరు నెలలుగా ముసుగుతన్ని పడుకున్న పాత ట్రాక్టరును బయటకు లాగేది కూడా అప్పుడే. వాకిట్లో కొత్త బండి మెరుస్తున్నా, దమ్ముకు మాత్రం తాతల నాటి దాన్నే దింపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. లక్షలు పోసి కొన్నదానికి ఇనుప చక్రాలు తగిలించి బురదలో తిప్పడానికి మనసొప్పదు మరి!

సరిగ్గా అప్పుడే పాత బండి మొరాయిస్తుంది. రేడియేటరులో బుడగలొస్తాయి. ఆయిలు పుల్ల తీసి చూస్తే మజ్జిగలా తెల్లగా ఉంటుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందని మెకానిక్కు చెప్పక్కర్లేదు, ఇంట్లో పిల్లలకే తెలిసిపోతుంది. హెడ్డు దింపుతారు. కొత్త గ్యాస్కెట్ తెస్తారు. తీరా బిగించే వేళకు అసలు ప్రశ్న వస్తుంది. బోల్టులు ఎంతకు బిగించాలి? ట్యాపెట్లు ఎంత పెట్టాలి? పుస్తకముందా?

పుస్తకమా! బండి కొన్నాయన పోయి పాతికేళ్లయింది. ఆయనతో వచ్చిన పుస్తకం ఏ అటక మీద చెదలు తిన్నదో, ఏ పండక్కి బోగి మంటలో పడిందో ఎవరికీ తెలియదు. దాంతో మెకానిక్కు చేతి అంచనాతో బిగించేస్తాడు. చేయి తిరిగినవాడైతే సీజను గడుస్తుంది. కాకపోతే వారానికే మళ్లీ బుడగలు. ఈసారి నీళ్లు ఆయిలులో కలిసి బేరింగులు పట్టేస్తే, గ్యాస్కెట్ ఖర్చు కాస్తా క్రాంకు ఖర్చవుతుంది. పక్కవాళ్ల మడులన్నీ నాట్లు పడి పచ్చబడుతుంటే, ఒక్కరి మడి మాత్రం నీళ్లు నిలిచి ఖాళీగా కనిపిస్తుంది.

వలస వచ్చిన బండ్లు

1945లో పని మొదలైన తుంగభద్ర ఆనకట్ట 1953లో నీళ్లిచ్చింది. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. వరి పండించడం తెలిసిన చేతులు కావాలి. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు తరలివచ్చి గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి, సిరుగుప్ప చుట్టూ పొలాలు కొనుక్కున్నాయి. గుడిసెలేసుకున్న చోటల్లా క్యాంపు అయింది. నల్లరేగడిని చదును చేసి మడులు కట్టడం ఎడ్లతో అయ్యే పని కాదు. అలా ఈ ఊళ్ల చరిత్రలోకి ట్రాక్టరు తొందరగానే వచ్చింది.

1959లో ఫరీదాబాదులో ఐషర్ తొలి బండి తయారయ్యేవరకు దేశంలో తిరిగిన ట్రాక్టర్లన్నీ విదేశాల నుంచి దిగినవే. తర్వాత 1960లో మద్రాసులో టాఫె, 1963లో బొంబాయిలో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి పెట్టిన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ వచ్చాయి. ఎస్కార్ట్స్ వాళ్లు మొదట పోలెండు ఉర్సుస్‌తో, ఆ తర్వాత ఫోర్డుతో చేయి కలిపారు. హరియాణాలోని పింజోరులో హెచ్‌ఎంటీ 1971 నుంచి చెకోస్లొవేకియా జెటార్ బండి తయారుచేసింది. వీటికి తోడు రష్యా నుంచి దిగిన డీటీ-14లు, బెలారస్‌లు. అంటే ఒకే క్యాంపులో నాలుగు షెడ్లు తెరిస్తే నాలుగు దేశాల ఇంజన్లు కనిపించేవన్నమాట. ప్రతిదానికీ పానాలు వేరు, కొలతలు వేరు, పుస్తకం వేరు.

పుస్తకం దొరక్కపోవడం సగం సమస్యే. దొరికిన పుస్తకం వేరే బండిది కావడం మిగతా సగం. అసలు ముప్పు రెండోదానితోనే. పుస్తకం లేనివాడు కాస్త భయపడుతూ, నలుగురినీ అడిగి చేస్తాడు. తప్పు పుస్తకం చేతిలో ఉన్నవాడు ధైర్యంగా తప్పు చేస్తాడు!

పేరొకటే... గుండె వేరు

స్పేర్ పార్టుల కౌంటరు దగ్గర రోజూ వినిపించే సంభాషణ ఇది. ‘ఏం బండి బాబాయ్?’ ‘టూ సెవెంటీ ఫైవ్.’ కౌంటరులో కుర్రాడు సామాను తీసిచ్చేస్తాడు. ఇంటికొచ్చి పెడితే అతకదు.

1960ల్లో వచ్చిన ఇంటర్నేషనల్ బి-275 మూలం ఇంగ్లండుది. దాని ఇంజను పేరు బీడీ-144, నాలుగు సిలిండర్లు. ఇప్పుడు షోరూముల్లో ఉన్న మహీంద్రా 275 డీఐ మూడు సిలిండర్లది. కంపెనీ ఒకటే, అంకె ఒకటే, ఇంజన్లకు మాత్రం బీరకాయపీచు చుట్టరికం. కొత్త 275 పుస్తకం పెట్టుకుని పాత బి-275 హెడ్డు బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అక్కడితో అయిపోలేదు. టాఫె మాసీ ఫెర్గుసన్ 1035 పాత బండ్లలో ఉన్నది పెర్కిన్స్ రకం పీ3.144 ఇంజను. మద్రాసులోనే సింప్సన్ వాళ్లు తయారుచేసేవారు. పెర్కిన్స్ వాళ్ల పేర్లలో గుట్టు ఏమిటంటే, చుక్కకు ముందున్నది సిలిండర్ల సంఖ్య, తర్వాతది ఘనపుటంగుళాల్లో ఇంజను పరిమాణం. మూడు సిలిండర్లు, 144 ఘనపుటంగుళాలు. అటు ఇంటర్నేషనల్ ఇంజనూ 144 ఘనపుటంగుళాలదే కాబట్టి దాని పేరులోనూ అదే అంకె. ‘144 గ్యాస్కెట్ ఇవ్వండి’ అనడిగితే ఏ 144 అని ఎదురడిగే కొట్టువాడు దొరకడం అదృష్టమే. ఒకటి మూడు బొక్కలది, ఇంకొకటి నాలుగు బొక్కలది. గ్యాస్కెట్ అయితే చూడగానే తేడా తెలిసిపోతుంది. కాగితం మీది అంకెలకు అలాంటి బొక్కలుండవు.

మూడో చిక్కు ‘డీఐ’ అన్న రెండక్షరాలు. అవి ఉంటే డీజిలు నేరుగా పిస్టన్ మీద పడుతుంది. పాత పీ3 రకంలో ముందు పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లి, అక్కడ అంటుకుని, తర్వాత సిలిండరులోకి వస్తుంది. ఈ రెంటికీ నోజిళ్లు వేరు, నోజిలు తెరుచుకునే ఒత్తిడి వేరు. డీఐకి ఒత్తిడి ఎక్కువ కావాలి. 1035 అని మాత్రమే చూసి పుస్తకం తెచ్చుకుంటే పొగ, మిస్‌ఫైరు, డీజిలు ఖర్చు మూడూ కలిసొస్తాయి.

ఇంగ్లండులో కవెంట్రీలో తయారైన పాత ఎంఎఫ్ 35 సంగతి మరీ విచిత్రం. 1956లో వచ్చినప్పుడు డీజిలు బండికి నాలుగు సిలిండర్ల స్టాండర్డ్ 23సీ ఇంజను పెట్టారు. చలిలో స్టార్టు కావడానికి అది పెట్టే ఇబ్బంది ఆ రోజుల్లోనే పేరుమోసింది. 1959 నుంచి దాని స్థానంలో మూడు సిలిండర్ల పెర్కిన్స్ 3.152 వచ్చింది. బానెట్టు మీద అంకె మాత్రం 35గానే ఉండిపోయింది. మొదటిదానిలో వెట్ లైనర్లు. అంటే చుట్టూ నీళ్లుంటాయి, అడుగున సీలింగు సరిగ్గా కూర్చోవాలి. రెండోదానిలో డ్రై లైనర్లు. ప్రెస్సు మీద దింపాలి. ఒకదాని పుస్తకం చదివి ఇంకోదాని లైనర్లు లాగబోతే బ్లాకుకే ఎసరు.

ఇంత చిక్కుకీ చిట్కా ఒకటుంది. పుస్తకం కొనేముందు బండి దగ్గరకెళ్లి ఫ్యూయల్ పంపు నుంచి హెడ్డు మీదికి ఎన్ని సన్నపైపులు పోతున్నాయో లెక్కపెట్టడం. మూడుంటే మూడు సిలిండర్లు, నాలుగుంటే నాలుగు. పది సెకన్ల పని. చాలామంది చేయరు.

నంబరే జాతకం

సరైన పుస్తకానికి దారి మోడల్ పేరు కాదు, నంబరు. ప్రతి బండికీ కనీసం రెండు నంబర్లుంటాయి. చాసిస్‌ది ఒకటి, ఇంజనుది ఒకటి. రేకు పలకలు సాధారణంగా డాష్‌బోర్డు మీదో, క్లచ్ హౌసింగు పక్కనో ఉంటాయి. పలక ఊడిపోయినా ఇంజను నంబరు బ్లాకు మీద కొట్టి ఉంటుంది. నలభై ఏళ్ల జిడ్డు, మూడు పూతల పెయింటు కింద దాక్కుని ఉంటుంది కాబట్టి ముందు కిరసనాయిలు, తర్వాత వైరు బ్రష్షు. తుడిచాక సుద్దముక్కతో అడ్డంగా రుద్దితే గుంటల్లో తెలుపు నిలిచి అంకెలు బయటపడతాయి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. బ్లాకు మీద ఉబ్బెత్తుగా, పోతపోసినప్పుడే వచ్చిన అంకెలుంటాయి. పెద్దగా, స్పష్టంగా కనిపిస్తాయి. అవి ఆ ఇనుప ముక్క పోత నంబరు మాత్రమే. వేల ఇంజన్లకు అదే అంకె ఉంటుంది. పంచితో లోపలికి కొట్టినదే ఈ ఇంజను సొంత నంబరు. ఫోను చేసి ఉబ్బెత్తు అంకెలు చెబితే అవతలివాళ్లు ఏ పుస్తకం పంపుతారో ఎవరికీ తెలియదు.

చాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఆర్సీలో ఉన్నవాటితో సరిపోలితే సంతోషం. పోలకపోతే? క్యాంపుల్లో అది వింతేమీ కాదు. ఎనభైల్లో ఇంజను పగిలితే తుక్కుబండి ఇంజను తెచ్చి వేసినవాళ్లు, గేరుబాక్సు మార్చినవాళ్లు ఉన్నారు. అలాంటి బండికి ఒక్క పుస్తకం చాలదు. ఇంజనుకు ఇంజనుది, వెనక భాగానికి వెనక భాగానిది విడిగా చూసుకోవాలి. ఫెర్గుసన్ వరసలో గేరుబాక్సులో ఉన్న ఆయిలే లిఫ్టునూ నడిపిస్తుంది. వేరే బండ్లలో లిఫ్టుకు ప్రత్యేకంగా పోయాలి. ఏ పుస్తకం చూస్తున్నామో తెలియకపోతే పోయాల్సిన చోట పోయరు, అక్కర్లేని చోట నింపుతారు.

ఫ్యూయల్ పంపుకైతే సొంత జాతకమే ఉంటుంది. బెంగళూరు మైకో (2008 నుంచి బాష్) పంపు అయితే దాని ఒంటి మీదే ఒక పలక, దానిపై టైపు నంబరు. పంపు బెంచి మీద ఎక్కించి డీజిలు సరిచేసేవాళ్లు ఆ నంబరుకు రాసిన పట్టిక చూసి చేస్తారు, ట్రాక్టరు పేరు చూసి కాదు. ఆ పలకను అందం కోసం పెయింటుతో కప్పేయడం మన షెడ్లలో మామూలే!

ఏ పుస్తకం ఎందుకు?

‘మాన్యువల్’ అని ఒకే మాటతో పిలిచే పుస్తకాలు నిజానికి మూడు. కొత్త బండితో ఇచ్చేది డ్రైవరు పుస్తకం. ఆయిలు ఎప్పుడు మార్చాలి, గ్రీజు ఎక్కడ కొట్టాలి, ఏ గేరులో ఎంత వేగం... అంతవరకే. క్యాంపుల్లో ఎవరైనా ‘మా దగ్గర పుస్తకముంది’ అంటే తొంభై పాళ్లు ఇదే. హెడ్డు బిగించే కొలత ఇందులో వెదికితే దొరక్కపోవచ్చు. దాన్ని చూసి పుస్తకాలన్నీ దండగ అనుకునేవాళ్లూ ఉన్నారు.

విప్పడం, బిగించడం, సందులు, బిగింపులు ఉండేది వర్క్‌షాప్ మాన్యువల్‌లో. కంపెనీ డీలర్ల మెకానిక్కుల కోసం అచ్చేసింది కాబట్టి రైతు చేతికి వచ్చిన కాపీలు తక్కువ. ఇక మూడోది పార్టుల పుస్తకం. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారుగానీ, పాత బండికి ఒక్కోసారి ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది. ప్రతి భాగాన్నీ విడదీసి, ఏ వాషరు ముందో ఏ సర్‌క్లిప్ వెనకో వరసగా బొమ్మ గీసి ఉంటుంది. లిఫ్టు విప్పి బకెట్టులో వేసిన సామాను తిరిగి ఎక్కించేటప్పుడు ఇంగ్లిషు రానివాడికి కూడా ఆ బొమ్మ చాలు. పార్టు నంబరుంటే పక్క రాష్ట్రంలో కొట్టుకైనా ఫోను చేసి అడగొచ్చు.

పింటు దగ్గర లీటరు తేడా

సరైన పుస్తకమే దొరికిందనుకుందాం. అందులోని కొలతలు ఎవరివి? ఇంగ్లండు పుస్తకంలో ఆయిలు పింట్లలో, గ్యాలన్లలో ఉంటుంది. అమెరికా పుస్తకంలోనూ అవే మాటలు. కానీ ఇంగ్లండు పింటు 568 మిల్లీలీటర్లు, అమెరికా పింటు 473. పన్నెండు పింట్లని రాసి ఉంటే ఒక లెక్కన సుమారు 6.8 లీటర్లు, ఇంకో లెక్కన 5.7. అంటే ఒక లీటరుకు పైగా తేడా. ఇంటర్నెట్టులో ఎక్కువగా కనిపించేవి అమెరికావాళ్ల పుస్తకాలు. క్యాంపుల్లో ఉన్నవి ఎక్కువగా ఇంగ్లండు సంతతి బండ్లు. ఆయిలు పుల్ల మీద గీత ఉంది కాబట్టి చాలామంది బతికిపోతున్నారు.

బిగింపు దగ్గర ఆ గీత కూడా ఉండదు. పాత ఇంగ్లిషు పుస్తకంలో అడుగు-పౌండ్లు, తూర్పు యూరప్ బండ్ల పుస్తకాల్లో కిలో-మీటర్లు, కొత్త టార్క్ రెంచి మీద న్యూటన్-మీటర్లు. ఉదాహరణకు 80 అడుగు-పౌండ్లు అంటే సుమారు 11 కిలో-మీటర్లు, లేదా 108 న్యూటన్-మీటర్లు. పుస్తకంలో 80 చూసి, రెంచి మీద 80 న్యూటన్-మీటర్లకు తిప్పితే పడే బిగింపు 59 అడుగు-పౌండ్లే. నాలుగోవంతుకు పైగా వదులు. వారానికే బుడగలు రావడానికి ఇది చాలు. (ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలే, ఏ బండివీ కావు. ఎవరి బండి అంకె వాళ్ల పుస్తకంలోనే చూసుకోవాలి.)

ట్యాపెట్లదీ అదే తంతు. పాత మెకానిక్కులు ‘థౌ’ లెక్కలో మాట్లాడతారు. అంటే అంగుళంలో వెయ్యోవంతు. పన్నెండు థౌ అంటే 0.30 మిల్లీమీటరు. మిల్లీమీటర్ల ఫీలర్ గేజీ పట్టుకున్న కుర్రాడు ‘పన్నెండు’ అన్న మాట విని 0.12 ఆకు పెడితే, ఉండాల్సిన సందులో సగం కూడా ఉండదు. ఇంజను వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. నెలలో అంచు కాలిపోతుంది. పైగా ఆ కొలత చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా అన్నదీ పుస్తకమే చెప్పాలి.

పానాల గొడవ అందరికీ తెలిసిందే. ఇంగ్లండు బండ్లకు అంగుళాలు, జెటార్, ఉర్సుస్, బెలారస్‌లకు మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం తలకు 19 పానా బాగానే పడుతుంది, 19.05 కదా. అరంగుళం తలకు 13 పానా వేస్తే మాత్రం లూజు, మూలలు గుండ్రమైపోతాయి. అసలు ప్రమాదం మరల్లో ఉంది. 8 మిల్లీమీటర్ల బోల్టు, 5/16 అంగుళం బోల్టు చేతిలో పెట్టుకుని చూస్తే కవల పిల్లలే. మరలు వేరు. ఒకదాని గుంటలో ఇంకోటి బలవంతంగా తిప్పితే గుంట పోతుంది. పార్టుల పుస్తకంలో ప్రతి బోల్టుకూ సైజు రాసి ఉండేది ఇందుకే.

వెదికితే దొరికే చోట్లు

ముందు అడగాల్సింది ఆ కంపెనీ ఇప్పటి వారసులను. పేర్లు మారాయి కాబట్టి ఎవరి వారసులెవరో తెలిస్తే తిరుగుడు తగ్గుతుంది. ఐషర్ ట్రాక్టర్లను 2005లో టాఫె కొనుక్కుంది. స్వరాజ్ తయారుచేసే పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి వెళ్లింది. ఫోర్డు 3600లు అమ్మిన ఎస్కార్ట్స్, ఫోర్డు పేరు పోయాక ఫార్మ్‌ట్రాక్ పేరుతో కొనసాగి, 2022 నుంచి ఎస్కార్ట్స్ కుబోటా అయింది. హెచ్‌ఎంటీ సంగతే విచారం. 2016 అక్టోబరులో పింజోరు ట్రాక్టరు విభాగం మూసివేతకు కేంద్రం ఒప్పేసుకుంది. ఆ బండ్లున్నవాళ్లకు ఒక ఆసరా ఉంది. జెటార్ యూఆర్-1 వరసలో రెండు, మూడు, నాలుగు సిలిండర్ల బండ్లను ఒకే అచ్చులో, చాలా భాగాలు కలిసేలా తయారుచేశారు. కాబట్టి ఆ కాలపు జెటార్ పుస్తకం హెచ్‌ఎంటీ 2511కు దగ్గరి బంధువు. దగ్గరి బంధువే, సొంత పుస్తకం కాదు.

సర్కారీ దారి ఒకటుంది, తెలిసినవాళ్లు తక్కువ. మధ్యప్రదేశ్‌లోని బుధ్నిలో 1955 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ నడుస్తోంది. అక్కడ పరీక్షించిన ప్రతి ట్రాక్టరుకూ ఒక నివేదిక ఉంటుంది. అందులో ఇంజను వివరాలు, బోరు, స్ట్రోకు, ఆయిలు ఎంత పడుతుంది వంటివి వరసగా రాస్తారు. వర్క్‌షాప్ మాన్యువల్‌కు ఇది సాటి రాదు. కానీ చేతిలో ఉన్న పుస్తకం ఈ బండిదో కాదో తేల్చుకోవడానికి గట్టి సాక్ష్యం. దక్షిణాదికి ఇలాంటి సంస్థే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. బళ్లారి వైపు వాళ్లకు సుమారు వంద కిలోమీటర్ల దూరం. రైతులకు యంత్రాల నిర్వహణలో శిక్షణా ఇస్తారు, అందులోనూ తెలుగు నేల మీద.

అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 1920 నుంచి ట్రాక్టర్లను పరీక్షిస్తూ నివేదికలు భద్రపరుస్తోంది. ఇంటర్నెట్టులో ఉచితంగా చదువుకోవచ్చు. దేశవాళీ బండ్లు అందులో తక్కువేగానీ, విదేశీ మూలాలున్నవాటి వివరాలు సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

ఇక ఫోనులో పేరు కొట్టగానే వందల పీడీఎఫ్‌లు కనిపిస్తాయి. డబ్బు కట్టేముందు మూడు చూసుకుంటే మోసం తగ్గుతుంది. మొదటి పేజీలో ప్రచురణ నంబరు, సంవత్సరం ఉన్నాయా? ఏ సీరియల్ నంబరు నుంచి ఏ నంబరు దాకా వర్తిస్తుందో రాశారా? లోపలి పేజీ ఒకటి నమూనాగా పంపుతారా? అట్ట మీద ఎర్ర ట్రాక్టరు బొమ్మ పెట్టి లోపల డ్రైవరు పుస్తకం ఇరవై పేజీలు స్కాను చేసి అమ్మేవాళ్లున్నారు. అచ్చు పుస్తకమే కావాలంటే విజయవాడ ఆటోనగర్ పాత స్పేర్ పార్టుల కొట్లు, బెంగళూరు జేసీ రోడ్డు, హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు... కాళ్లరిగేలా తిరగాలి. అదృష్టం ఉంటే కట్టలో అడుగున దొరుకుతుంది.

ట్రాక్టరు కాని వాటికీ ఇదే బాధ. బావుల మీద నడిచిన రాజ్‌కోట్ ఆయిలింజన్లు ఇంగ్లండు లిస్టర్‌కు నకళ్లు. ఆరు గుర్రాల లిస్టర్ నిమిషానికి 650 చుట్లు తిరిగే నిదానపు మనిషి. ఆ లిస్టర్ పుస్తకం నకలుకు చాలావరకు పనికొస్తుంది. అయితే నకలు తీసినవాడు బోరు ఎంత నునుపుగా తీశాడో పుస్తకం చెప్పలేదు, కొలిచి చూసుకోవాల్సిందే.

తాత నోటుబుక్కు

ఇన్ని చోట్లు తిరిగేముందు వెదకాల్సింది ఇంట్లోనే. మొదటి తరంవాళ్లు బండిని బిడ్డలా చూసుకున్నారు. ఆయిలు మార్చిన తేదీ, రింగులు వేయించిన ఏడు, డీలరు మెకానిక్కు వచ్చినప్పుడు అడిగి తెలుసుకున్న ట్యాపెట్ కొలత... పద్దుల పుస్తకం వెనక పేజీల్లోనో, పంచాంగం అంచులోనో రాసుకున్నవాళ్లున్నారు. వడ్ల బస్తాల లెక్కకూ కూలీల బట్వాడాకూ మధ్యలో ‘నోజిలు మార్పు’ అని ఒక ముక్క దొరకొచ్చు. ఆ బండి మీద, ఆ ఇంజను మీద పనిచేసినట్టు రుజువైన అంకెలవి. ఇంజను మార్చిన బండ్ల విషయంలో ఏ ఇంజను ఎప్పుడు ఎక్కిందో చెప్పగలిగే కాగితం అదొక్కటే.

చిక్కల్లా, అది తెలుగులో ఉంది. మూడో తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో కన్నడం, ఇంగ్లిషు చదువుకున్నారు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కాబట్టి కూడబలుక్కుని కొంత చదవగలరు. అచ్చక్షరాలైతే ఫరవాలేదు. తాత గొలుసుకట్టు రాతలో పడితే మాత్రం ‘ఇదేం రాశాడు నాయనమ్మా?’ అని పరుగెత్తుకెళ్లాలి. ఆవిడకు రాత తెలుసు, ట్యాపెట్ అంటే ఏమిటో తెలియదు. మెకానిక్కుకు ట్యాపెట్ తెలుసు, తెలుగు రాదు. ముగ్గురూ ఒకచోట కూర్చుంటేగానీ ఒక్క లైను తెగదు!

చదివి చెప్పే నాయనమ్మలూ, వాళ్ల మాట విని బిగించిన పాత మెకానిక్కులూ ఏటికేడాది తగ్గిపోతున్నారు. చేత్తో పట్టుకుంటేనే బిగింపు చెప్పగలిగిన ఆ తరం మెకానిక్కులు చాలామంది ఎక్కడా ఏమీ రాసిపెట్టలేదు. వాళ్లు షెడ్డు మూసిన రోజు పుస్తకం కూడా మూతపడినట్టే.

ఈలోగా కొందరు కుర్రాళ్లు ఫోనుతో పని కానిస్తున్నారు. నోటుబుక్కు పేజీలు, రేకు పలకలు, పంపు మీది నంబరు ఫొటోలు తీసి దాచుకుంటున్నారు. ఇంజను విప్పుతున్నప్పుడు ప్రతి మెట్టుకూ ఒక ఫొటో. కొత్తగా తెలిసిన కొలతను టూల్‌బాక్సు మూత లోపల తెల్లపెయింటుతో రాసి, పక్కనే అడుగు-పౌండ్లా, న్యూటన్-మీటర్లా అన్నదీ రాస్తున్నారు. దొరికిన వర్క్‌షాప్ మాన్యువల్‌ను జిరాక్సు తీయించి ఒక ప్రతి మెకానిక్కు దగ్గరే ఉంచేవాళ్లూ ఉన్నారు. మూడు నెలలకు దాని మీద అక్షరం కనిపించనంతగా గ్రీజు మరకలు పడతాయి. అప్పుడు మళ్లీ ఇంకో జిరాక్సు.